నిలిచిన స్వరం, తెగిన టేపు: జాజ్ నుంచి జాజ్-రాక్ దాకా ఎల్‌పీల దారి

జాజ్ ఎక్కడ ఆగి జాజ్-రాక్ ఎక్కడ మొదలైందన్నది పాత ఎల్‌పీలు (వినైల్ గ్రామఫోన్ రికార్డులు) సేకరించేవారి మధ్య ఎప్పటికీ తెగని తగాదా. దీనికి సాధారణంగా వినిపించే జవాబు చాలా తేలికైనది: 1960ల చివర రాక్ బృందాల రికార్డులు లక్షల్లో అమ్ముడుపోవడం చూసి జాజ్ విద్వాంసులు కూడా ఎలక్ట్రిక్ గిటారూ ఎలక్ట్రిక్ పియానో చేతబట్టారు, డ్రమ్స్ మోత పెంచారు, అంతే. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ కాలపు ఎల్‌పీలను రికార్డింగు తేదీల వరుసలో పెట్టుకుని వింటే, వాద్యాలకు వైర్లు తగిలించడం ఆ కథలో చివరి అంకమని, దానికి ముందే రెండు పెద్ద మార్పులకు బీజం పడిందని తెలుస్తుంది. మనోధర్మానికి ఆధారంగా ఉండే కార్డ్‌ల పరుగు ఆగిపోవడం మొదటిది. స్టూడియోలో వాయించినది వాయించినట్టే రికార్డు మీదికి రావాలన్న నియమం సడలిపోవడం రెండోది. ఈ రెండింటినీ పట్టుకుని వింటే, ఒకదానికొకటి ఏ పొంతనా లేనట్టు వినిపించే ఎల్‌పీలు కూడా ఒకే దారిలోని మజిలీలుగా కనిపిస్తాయి. ఏ ఎల్‌పీకి ఏ ప్రెస్సింగు (అచ్చు వేసిన విడత) వెతుక్కోవాలన్న ప్రశ్నకు సైతం సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ముందు కార్డ్‌ల సంగతి చూడాలి. 1940ల నాటి బీబాప్ అనే వేగవంతమైన జాజ్ శైలి కాలం నుంచి జాజ్‌లో మనోధర్మం అంటే, ఏదో ఒక ప్రసిద్ధ గీతానికి ఉన్న కార్డ్‌ల వరుసను తీసుకుని, అది ఆవృత్తి తరువాత ఆవృత్తిగా తిరుగుతూ ఉండగా దాని మీద కొత్త వరుసలు అల్లడం. ఒకేసారి మోగే మూడు నాలుగు స్వరాల కలయిక కార్డ్. అది ఒక బారుకో (లయను కొలిచే చిన్న ఖండం), అర బారుకో మారిపోతూ ఉంటుంది. మారినప్పుడల్లా వాద్యకారుడు తన స్వరాలను దానికి తగ్గట్టు మార్చుకోవాలి. వేగం పెరిగే కొద్దీ ఇది సంగీతం కన్నా ఎక్కువగా ఒక పరీక్షలా తయారవుతుంది. 1950ల చివరికి ఆ పరీక్షలో అందరికంటే ముందున్నవారికే దాని మీద విసుగు పుట్టింది.

ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆ విసుగు నుంచి వచ్చిన ఎల్‌పీ. 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న, న్యూయార్క్‌లో కొలంబియా సంస్థకు చెందిన 30వ వీధి స్టూడియోలో దీన్ని రికార్డు చేశారు. ఆ స్టూడియో ఒకప్పుడు చర్చి. ఆ ఎత్తైన కప్పు ఇచ్చిన గంభీరమైన ప్రతిధ్వని రికార్డులో ఇప్పటికీ వినిపిస్తుంది. మొదటి రచన ‘సో వాట్’ 32 బార్ల ఆవృత్తి. అందులో మొదటి 16 బార్లకూ ఒకే స్వరశ్రేణి, తరువాతి 8 బార్లకు అదే శ్రేణిని అర స్వరం పైకి జరిపినది, చివరి 8 బార్లకు మళ్ళీ మొదటిదే. తొమ్మిది నిమిషాల రచనకు ఉన్న సామగ్రి మొత్తం ఇంతే. పాశ్చాత్యులు డోరియన్ అని పిలిచే ఆ శ్రేణిలోని స్వరస్థానాలు మన ఖరహరప్రియ మేళంలోనివే. అలాగని దీన్ని ఖరహరప్రియ రాగం అనుకుంటే పొరపాటు. గమకం లేదు, సంచారానికి కట్టుబాటు లేదు, అర స్వరం పైకి జరగడమన్నది మన పద్ధతిలో ఊహకే అందదు. అయితే ఆధారం కదలకుండా నిలిచి ఉంటే పాడేవాడికి ఎంత తీరిక దొరుకుతుందో తెలుగు శ్రోతకు వేరే చెప్పనక్కరలేదు. ఆ తీరిక ఏమిటో అమెరికా జాజ్ విద్వాంసులు ఈ ఎల్‌పీతో లోతుగా రుచి చూశారు.

దీని పక్కన పెట్టి వినవలసినది జాన్ కోల్ట్రేన్ ‘జెయంట్ స్టెప్స్’. ఏప్రిల్ 22న డేవిస్ పక్కన నిలబడి నిదానంగా శాక్సఫోన్ ఊదిన మనిషి, మే మొదటివారంలో అట్లాంటిక్ సంస్థకు ఈ రచనను రికార్డు చేశాడు. 16 బార్ల ఆవృత్తిలో మూడు వేర్వేరు శ్రుతి కేంద్రాల మధ్య కార్డ్‌లు విపరీతమైన వేగంతో గిరగిరా తిరుగుతాయి. కోల్ట్రేన్ దాన్ని నెలల తరబడి సాధన చేసి వచ్చాడు కనుక దూసుకుపోతాడు. పియానో ముందు కూర్చున్న టామీ ఫ్లానగన్ సామాన్యుడు కాదు, అయినా తన వంతు వచ్చేసరికి మొదట నాలుగు స్వరాలు పలికించి, తడబడి, చివరికి వరుసలు వదిలేసి కార్డ్‌లు మాత్రం నొక్కుతూ నెట్టుకొస్తాడు. జాజ్ చరిత్రను పుస్తకాల్లో చదివేదానికన్నా ఆ కాస్తసేపు వినడం మేలని నా అభిప్రాయం. కార్డ్‌ల దారి ఎక్కడికి వెళ్ళి గోడకు తగిలిందో అక్కడ చెవికే తెలిసిపోతుంది. కోల్ట్రేన్ కూడా ఆ గోడ దగ్గర ఎక్కువకాలం నిలబడలేదు. 1964 డిసెంబరు 9న రికార్డయిన ‘ఎ లవ్ సుప్రీమ్’ నాటికి, మొదటి భాగం మొత్తాన్ని బాస్ మీద మళ్ళీమళ్ళీ వచ్చే నాలుగు స్వరాల చిన్న ముక్క మోస్తుంది. నిలిచిన స్వరశ్రేణికి తోడు, అడుగున తిరుగుతూ ఉండే చిన్న బాస్ వరుస: రాక్ సంగీతానికి పునాదిలాంటిది కూడా అదే. ఇంకా ఎక్కడా వైరు కనబడదు, కలయికకు మాత్రం నేల సిద్ధమైపోయింది.

ఈ కాలపు ఎల్‌పీలు సేకరించేవారు వాటిని ఒక సంఘటనకు సాక్ష్యంగా చూస్తారు. ఫలానా రోజు ఫలానా గదిలో ఐదారుగురు కలిసి వాయించారు, మైకులు పట్టుకున్నాయి, అది గాళ్ళలోకి ఎక్కింది. కనుక ఆ గదికి ఎంత దగ్గరగా వెళితే అంత మంచిది. బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల సంస్థ తొలి ప్రెస్సింగుల మీద ఉన్న వ్యామోహమంతా దీని నుంచే వచ్చింది. ఆ సంస్థ రికార్డింగులు ఎక్కువగా చేసిన రూడీ వాన్ గెల్డర్ వృత్తిరీత్యా కళ్ళద్దాల నిపుణుడు. న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో రికార్డింగులు చేస్తూ, 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాడు. రికార్డింగుతో ఆగకుండా మాస్టర్ డిస్కును (అన్ని కాపీలకూ మూలమైనది) కూడా తానే చెక్కేవాడు. అందుకే ఎల్‌పీని చేతిలోకి తీసుకున్న అనుభవజ్ఞుడు ముందు అట్ట చూడడు. డిస్కును దీపం కిందకు వాల్చి, సంగీతం అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే ఖాళీ నల్లపట్టీని చదువుతాడు. అక్కడ ‘ఆర్‌వీజీ’ అనో ‘వాన్ గెల్డర్’ అనో ముద్ర ఉండాలి. దాని పక్కనే మనిషి చెవిని పోలిన చిన్న గుర్తు ఉంటే, అది ప్లాస్టిలైట్ అనే కర్మాగారం వేసుకున్న ‘పి’ అక్షరం. 1966లో బ్లూ నోట్ లిబర్టీ సంస్థ చేతిలోకి వెళ్ళిన తరువాత ఆ కర్మాగారంతో సంబంధం తెగిపోయింది కనుక, చెవి ఉందంటే ప్రెస్సింగు అంతకు ముందుదని రుజువు. వేల రూపాయల తేడా ఆ వేలిగోరంత గీతలో ఉంటుంది.

‘కైండ్ ఆఫ్ బ్లూ’ దగ్గర ఈ సాక్ష్యం సిద్ధాంతం కాస్త ఇబ్బందిలో పడుతుంది. మార్చి 2న వాడిన ప్రధాన టేపు యంత్రం ఉండవలసినదానికన్నా కొద్దిగా నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును సరైన వేగంతో వినిపిస్తే సంగీతం కాస్త వేగంగా, కాస్త పై శ్రుతిలో పలుకుతుంది. అంటే మొదటి వైపున ఉన్న మూడు రచనలూ 1959 నుంచి ప్రపంచమంతా తప్పు శ్రుతిలోనే వింటూ వచ్చింది. రికార్డుతో పాటు పియానో వాయించాలని కూర్చున్న విద్యార్థులకు శ్రుతి కలిసేది కాదు. ఆనాడే జాగ్రత్తకోసం నడిపిన రెండో యంత్రం టేపు సవ్యంగా ఉండడంతో, దాని ఆధారంగా 1992లో సవరించారు. లేబుల్ మీద అటుమూడు ఇటుమూడు కళ్ళ బొమ్మలున్న తొలి ప్రెస్సింగు కొంటే, మీరు కొనేది ఆ గదిలో మోగిన శ్రుతిని కాదు. అయినా ఆ ప్రెస్సింగు ధర ఏ మాత్రం తగ్గలేదు, తగ్గవలసిన పని కూడా లేదు; మూడు దశాబ్దాలు జనం విన్నది అదే మరి.

ఆ గదిలో జరిగినదానికీ రికార్డులో వినిపించేదానికీ ఉన్న దూరం 1959లో యంత్రలోపం. పదేళ్ళ తరువాత అదే దూరం ఒక కళగా మారింది. 1969 ఫిబ్రవరి 18న డేవిస్ బృందం ‘ఇన్ ఎ సైలెంట్ వే’ కోసం కూర్చున్నప్పుడు ముగ్గురు ఎలక్ట్రిక్ కీబోర్డుల ముందున్నారు: హెర్బీ హాంకాక్, చిక్ కొరియా, జో జావినుల్. ఇంగ్లండు నుంచి అప్పుడే దిగిన జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు పట్టుకున్నాడు. ఎల్‌పీకి పేరిచ్చిన రచన జావినుల్‌ది. అతను రాసుకొచ్చిన కార్డ్‌లను డేవిస్ దాదాపుగా తీసి పక్కన పెట్టి, ఒక్క ఆధారస్వరం మీద వరుసను మాత్రం నెమ్మదిగా వాయించమన్నాడు. పదేళ్ళ కిందటి ఆలోచనే, ఇంకొంచెం మొండిగా. అసలు విశేషం ఆ తరువాత జరిగింది. నిర్మాత టియో మసీరో శాక్సఫోన్ వాద్యకారుడు, జూలియార్డ్ సంగీత విద్యాలయంలో స్వరరచన చదువుకున్నవాడు. గంటలకొద్దీ పోగైన టేపును అతనూ డేవిస్ కలిసి కోసి కోసి చిన్నది చేసేసరికి, రెండు వైపులకు సరిపడా నిడివి కూడా మిగలలేదు. అప్పుడు మసీరో రెండో వైపు మొదట్లో వచ్చే నాలుగు నిమిషాల పైచిలుకు భాగాన్ని నకలు తీసి అదే వైపు చివర మళ్ళీ అతికించాడు. బృందం తిరిగి అదే వరుసకు వచ్చి శాంతించిందని శ్రోత అనుకుంటాడు. నిజానికి వాళ్ళు రాలేదు, టేపు వచ్చింది. మొదటి వైపులోనూ ఇదే యుక్తి ఉంది. నన్నడిగితే ఈ దారిలో అన్నిటికన్నా అందమైన ఎల్‌పీ ఇదే. దీని అందంలో సగం బ్లేడుదని తెలిసిన తరువాత కూడా నా అభిప్రాయం మారలేదు.

అదే ఏడాది ఆగస్టు 19 నుంచి 21 దాకా, అంటే వుడ్‌స్టాక్ రాక్ ఉత్సవం ముగిసిన మర్నాటి నుంచి, ‘బిచెస్ బ్రూ’ రికార్డింగు జరిగింది. ఇద్దరు డ్రమ్మర్లు, ఇద్దరు బాస్ వాద్యకారులు, రెండు మూడు ఎలక్ట్రిక్ పియానోలు, వీటన్నిటి అడుగున బెనీ మోపిన్ ఊదే బాస్ క్లారినెట్. డేవిస్ పూర్తి రచనలు తేలేదు; కొన్ని స్వరాలు, ఒక నడక, చేతి సైగలు తెచ్చాడు. టేపు ఆగకుండా తిరుగుతూనే ఉంది. రచనలకు రూపం వచ్చింది తరువాత, కోత బల్ల దగ్గర. సినిమా తెలిసిన మనకు ఇది వింతగా తోచకూడదు: షూటింగులో తీసిన రీళ్ళను ఎడిటరు కథగా అమర్చినట్టే, మసీరో ఈ ముక్కలను రచనలుగా అమర్చాడు. ఇరవై నిమిషాల ‘ఫారోస్ డాన్స్’లో దాదాపు 20 చోట్ల అతుకులున్నాయి. అవి కనబడకుండా దాచాలన్న తాపత్రయం కూడా ఎక్కడా లేదు. తొమ్మిదో నిమిషానికి కాస్త ముందు, సెకను పొడవున్న ఒక ముక్క వరుసగా ఐదుసార్లు వచ్చి సూది గాడిలో ఇరుక్కుపోయిందేమోనన్న అనుమానం పుట్టిస్తుంది. కొత్తగా ఈ ఎల్‌పీ కొన్నవారు లేచి వెళ్ళి సూదిని చూసుకునేది సరిగ్గా అక్కడే. డేవిస్ ట్రంపెట్‌కు వచ్చే ప్రతిధ్వని కూడా గది ఇచ్చినది కాదు, యంత్రం ఇచ్చినది. వాయించినవారిలో ఎవరూ, వాయిస్తున్నప్పుడు, ఈ సంగీతాన్ని ఇప్పుడున్న రూపంలో వినలేదు.

ఇక్కడ సేకరించేవారి తర్కం తలకిందులవుతుంది. గదికి దగ్గరగా వెళ్ళడమే గొప్పయితే, ఆ మూడు రోజుల టేపులను ఏ కోతా లేకుండా వినడం ఇంకా గొప్ప కావాలి. 1998లో కొలంబియా ఆ కాలపు సెషన్లతో ఒక పెద్ద పెట్టె విడుదల చేసింది. దానికోసం ఎనిమిది ట్రాకుల అసలు టేపుల నుంచి మొత్తం కొత్తగా మిక్స్ చేసి (విడివిడిగా పట్టిన శబ్దాలను మళ్ళీ కలిపి), మసీరో కోతలను చూసుకుంటూ మళ్ళీ కోశారు. శబ్దం స్పష్టంగా ఉంది, ఏ డ్రమ్మరు ఏ వైపున్నాడో తెలుస్తుంది. కానీ 1970 మార్చిలో బజారులోకి వచ్చిన ఎల్‌పీలో ఉన్న ఆ మసక, ఆ ముద్ద ముద్దగా ఉండే చీకటి అందులో పోయింది, దానితో పాటు ఎల్‌పీ కూడా పోయిందనే వర్గంలో నేనున్నాను. ‘కైండ్ ఆఫ్ బ్లూ’కు 1992 నాటి సవరణ ఒక తప్పును దిద్దింది; ఇక్కడ దిద్దడానికి తప్పు లేదు, ఎందుకంటే అతుకులతో సహా 1970 మిక్సే రచన. ఇదే లెక్కన 1970ల మొదట్లో కొలంబియా నాలుగు స్పీకర్ల వ్యవస్థ కోసం వేసిన క్వాడ్రఫోనిక్ ఎల్‌పీలు (‘బిచెస్ బ్రూ’కు, ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’కు, ‘హెడ్ హంటర్స్’కు అన్నిటికీ ఉన్నాయి) వేరే మిక్సులు కనుక వేరే రచనలే. వాటిని రెండు స్పీకర్లలో విని శబ్దం బాగాలేదని తిట్టడం న్యాయం కాదు.

1971 నాటి ‘జాక్ జాన్సన్’లో మసీరో ఇంకో అడుగు వేసి, రెండో వైపు మధ్యలో ‘ఇన్ ఎ సైలెంట్ వే’ టేపు ముక్కనే తెచ్చి అతికించాడు. 1972లో వచ్చిన ‘ఆన్ ద కార్నర్’ అట్ట మీద వాద్యకారుల పేర్లు కూడా లేవు. బాదల్ రాయ్ తబలాతో పాటు సితారు కూడా వినిపిస్తుంది గానీ ఎవరు ఎప్పుడు వాయిస్తున్నారన్నది అనవసరమన్నట్టుగా ఉంటుంది ఆ రికార్డు. పేర్లు చదివి రికార్డులు కొనే అలవాటున్న జాజ్ ప్రియులు దాన్ని అసహ్యించుకున్నారు, సహజమే.

ఈ బ్లేడు దారికి అడ్డంగా నిలిచినది మెక్‌లాఫ్లిన్ బృందం. డేవిస్ దగ్గర పనిచేసి బయటికి వచ్చిన అతను 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పేరుతో తెచ్చిన ‘ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్’లో కోతతో దొరికే అస్పష్టతకు చోటే లేదు. ఐదుగురూ ముందే రాసుకున్న కఠినమైన లెక్కలను కళ్ళు తిరిగే వేగంతో, రాక్ బృందపు శబ్దంతో కలిసి వాయిస్తారు. ఆధారం మాత్రం మళ్ళీ నిలిచిన స్వరశ్రేణే; కార్డ్‌లలో పోయిన చిక్కుదనం తాళంలోకి వచ్చి చేరింది. ‘ద డాన్స్ ఆఫ్ మాయా’ చూడండి. గిటారు పది అక్షరాల ఆవృత్తిలో మెట్లు మెట్లుగా తిరుగుతుంది. మధ్యలో ఇరవై అక్షరాల మీద నడిచే బ్లూస్ వస్తుంది. రెండూ సంబంధం లేనివని మనం అనుకుంటూ ఉండగా చివర్లో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి, ఎందుకంటే ఇరవై అంటే పది రెండుసార్లే. 1973 నాటి ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’ మొదటి రచన పద్ధెనిమిదిలో నడుస్తుంది. చేత్తో తాళం వేసుకుంటూ వినే అలవాటున్న మన శ్రోతలకు ఈ ఎల్‌పీలు అమెరికా శ్రోతలకన్నా త్వరగా లొంగుతాయి. ఇది యాదృచ్ఛికం కాదు: మెక్‌లాఫ్లిన్ వెస్లియన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు.

మిగిలిన కొమ్మల గురించి ఎక్కువ చెప్పను. హాంకాక్ ‘హెడ్ హంటర్స్’ (1973) నిలిచిన ఆధారాన్ని ఫంక్ అనే నాట్యపు ఊపున్న నడకలోకి తీసుకెళ్ళింది. ‘కమీలియన్’కు ప్రాణమైన బాస్ వరుస బాస్ గిటారుది కాదు, ఆర్ప్ సింథసైజరు అనే ఎలక్ట్రానిక్ వాద్యానిది. జావినుల్, వేన్ షార్టర్ కలిసి నడిపిన వెదర్ రిపోర్ట్ బృందం ‘హెవీ వెదర్’ (1977) నాటికి ప్రతి శబ్దాన్నీ తుడిచి తళతళలాడేలా చేసింది. జాకో పాస్టోరియస్ బాస్ కోసం ఎన్నిసార్లయినా వింటాను గానీ, అక్కడికి వచ్చేసరికి స్టూడియో మెరుగు సంగీతాన్ని కొంత మింగేసిందన్న అనుమానం నాకు పోదు.

వైర్లు ఈ కథకు గుండెకాయ కావనడానికి గట్టి సాక్ష్యం మాత్రం 1975లో దొరుకుతుంది. ఆ కాలంలో అందరికన్నా పెద్ద శబ్దంతో వాయించిన మెక్‌లాఫ్లిన్, అదనపు తీగలతో ప్రత్యేకంగా చేయించుకున్న మామూలు గిటారు పట్టుకుని, వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకిర్ హుసేన్, ఘటం టి.హెచ్. వినాయక్‌రామ్, మృదంగం ఆర్. రాఘవన్‌లతో కలిసి శక్తి పేరుతో కచేరీ చేశాడు. ఆ కచేరీయే 1976లో ఎల్‌పీగా వచ్చింది. నిలిచిన ఆధారం ఉంది, తాళపు లెక్కలున్నాయి, మహావిష్ణు నాటి వేగమూ ఉంది; లేనిది ఆంప్లిఫయర్ల హోరు ఒక్కటే. 1990ల చివర ఆ బృందం రిమెంబర్ శక్తిగా తిరిగి కూడినప్పుడు, దానిలోకి ఎలక్ట్రిక్ వాద్యంతో వచ్చి చేరినది కర్ణాటక సంగీతం నుంచే: పాలకొల్లులో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్. అతను పుట్టినది 1969 ఫిబ్రవరి 28న, ‘ఇన్ ఎ సైలెంట్ వే’ రికార్డయిన పది రోజులకు. ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ (2001) మీద అతని మాండలిన్, మెక్‌లాఫ్లిన్ గిటారు ఒకరి మాట ఒకరు అందుకుంటూ పోయే చోట జాజ్ ఏది, మనోధర్మ స్వరకల్పన ఏది అని విడదీయబోతే చేతికేమీ అందదు.

ఇక కొనాలనుకునేవారికి. బ్లూ నోట్ తొలి ప్రెస్సింగులు కొద్ది సంఖ్యలో వేసినవి కనుక ధర ఆకాశంలో ఉంటుంది. ఆ గదిని వినాలంటే అసలు టేపుల నుంచి శ్రద్ధగా చేసిన కొత్త ముద్రణ చాలు. జాజ్-రాక్ ఎల్‌పీల సంగతి దీనికి తలకిందులు. ఇవి కుప్పలుగా అమ్ముడయ్యాయి, ‘బిచెస్ బ్రూ’ 1976 నాటికి 5 లక్షల కాపీలకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు పొందింది, కనుక ఆనాటి అమెరికన్ ప్రెస్సింగు ఇప్పటికీ అందుబాటు ధరకు దొరుకుతుంది, అదే సరైన మిక్సు కూడా. చూసుకోవలసినది అరుగుదల. ఎల్‌పీ వైపుకు ఇరవై రెండు నిమిషాలు హాయిగా పడతాయి. ‘బిచెస్ బ్రూ’ రెండో వైపున ఒకే రచన 27 నిమిషాలు ఉంది. అంత నిడివి పట్టించడానికి గాళ్ళను సన్నగా, దగ్గర దగ్గరగా చెక్కవలసి వచ్చింది. పైగా సూది లోపలికి వెళ్ళేకొద్దీ దాని కింద గాడి కదిలే వేగం తగ్గుతూ, చివరి అంగుళంలో అంచు దగ్గరున్న దానిలో సగానికన్నా తక్కువవుతుంది. పాత మొద్దు సూదులు ముందుగా నాశనం చేసేది ఆ భాగాన్నే. అమ్మేవారు మొదటి వైపు మొదటి నిమిషం వినిపించి బాగుందంటారు. రెండో వైపు చివరి ఐదు నిమిషాలు వేయించుకుని, ట్రంపెట్ చీలకుండా వస్తే కొనండి.